పేరు తీసిన మలుపు

గడియార స్తంభం దాటగానే చెవిపూస హైమవతిని కుడివైపు తిరగమంది. ఇంటికి అదే దగ్గర దారి. ఆమె ఆగి, పూస మీద వేలు ఆనించి, అద్దకాల వీధి మీదుగా వెళ్తానని చెప్పింది. పూస ఎందుకని అడగలేదు. రోజూ చుట్టుదారి పట్టే మనిషిని కారణం అడగకూడదన్నది దాన్ని తయారుచేసినవాళ్ళు దానికి నేర్పిన మర్యాద.

"నేరుగా నడవాలి," అంది ఒక మగగొంతు.

అది యంత్రం గొంతు కాదు. వయసు మళ్ళిన ఒక మనిషి గొంతు. ప్రతి మాటనూ మడతపెట్టి చేతికి అందించినట్టు నిదానంగా ఉంటుంది.

చేతిసంచిలో తోటకూర కట్ట, అరటికాయలు. పొద్దు ఇంకా పూర్తిగా ఎక్కలేదు. బజారు నిండా జనం ఉన్నారు గానీ బజారులో ఉండవలసిన రొద లేదు. ఎవరి దారి వాళ్ళ చెవిలో వినిపిస్తోంది. ఎదురుపడిన ఇద్దరు ఒకరినొకరు తప్పుకోవడానికి కూడా తలెత్తి చూసుకోనక్కరలేదు. కాస్త ఎడమకు జరగమని పూసలే చెబుతాయి. వీధికి రెండువైపులా గోడలు వెల్లవేసి ఖాళీగా ఉన్నాయి. ఏ గుమ్మం మీదా ఒక్క అక్షరం లేదు.

బోర్డులు తీసేసి చాలా ఏళ్ళయింది. దారిపలుకు వచ్చాక వాటితో పని తీరిపోయింది. ఊరు కడిగిన పళ్ళెంలా ఉందని మొదట్లో అందరూ ముచ్చటపడ్డారు. ఆ తరువాత దారి అడగడం అంటే ఏమిటో తెలియని ఒక తరం పెరిగింది. ఫలానా వారి ఇల్లెక్కడండీ అని ఒకరు అడగడం, అడిగించుకున్నవాడు చేతిలో పని ఆపి మలుపు దాకా వెంట రావడం, ఆ నాలుగడుగుల్లోనే ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీయడం, ఇవన్నీ ఎవరూ వద్దనకుండానే పోయాయి.

తొలిరోజుల్లో దారి చెప్పినవి అమ్ముడుపోయిన గొంతులు. కంపెనీలు వాటిని నడిపేవి. ఆసుపత్రికి పరుగెత్తే మనిషిని కూడా తమకు సొమ్ము కట్టిన దుకాణాల ముందునుంచి తిప్పి పంపేవి. విసిగిపోయిన కొందరు కలిసి దారిపలుకును తామే కొత్తగా రాసుకుని దానికి 'ఉమ్మడి' అని పేరు పెట్టారు. దాని లోపలి రాతను ఎవరైనా చూడవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, ఎవరూ సొంతం చేసుకోకూడదు. అంతర్జాలంలో ఉమ్మడికి ఒక వాకిలి ఉంది. ఆ వాకిలిలో ప్రతి ఊరికీ ఒక గది, ప్రతి వీధికీ ఒక పుట, ఆ పుటలను కనిపెట్టుకుని ఉండే జీతం లేని కాపరులు. ఏ ఊరి దారి ఆ ఊరి గొంతులోనే వినపడాలన్నది వాళ్ళ పట్టుదల. అందువల్ల ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు సందుసందూ తిరిగి పలికి ఇచ్చారు.

చీరాలకు పలికినది హైమవతి భర్త. ఆయన చేనేత సంఘంలో చీర అంచులకు నమూనాలు గీసేవాడు. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి పోయాడు. వాళ్ళకు పిల్లలు లేరు.

అద్దకాల వీధి మొదలైంది. ఒకప్పుడు ఈ వీధి పొడుగునా రంగునీళ్ళు పారేవట. ఇప్పుడు దుమ్ము తప్ప ఏమీ లేదు. హైమవతి నడక తగ్గించింది. సంచిని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకుంది. వీధి చివర మలుపు కనబడగానే చెవిలో ఆ గొంతు కొద్దిగా మారింది. ఊరందరికీ దారి చెబుతున్న మనిషి ఉన్నట్టుండి పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు.

"ఇదుగో, ఆదెమ్మ రంగుల కొట్టు వచ్చింది. ఇక్కడ ఎడమకు తిరగాలి."

వెంటనే వెనకనుంచి, పల్చగా, ఒక ఆడగొంతు.

"తిరుగుదురుగానీ, ముందు నీడకు రండి."

ఆ తరువాత ఆయన ఆపుకోబోయి ఆపుకోలేకపోయిన నవ్వు. అంతే. ఆ పలుకు అక్కడితో అయిపోతుంది.

పలికిన రోజు ఎండ మండిపోతోంది. ఆయన నెత్తిన తువ్వాలు లేకుండా తిరుగుతున్నాడని ఆమె గొడుగు పట్టుకుని వెంట నడిచింది. మళ్ళీ పలుకుదాం, నీ గొంతు పడింది అన్నాడాయన. పలకలేదు. ఈ ఒక్కటి ఇలా ఉండనీ, ఎవరికి తెలుస్తుంది అన్నాడు తరువాత.

ఆ పలుకుకు నకలు ఆమె దగ్గర ఇంట్లో ఉంది. ఒకసారి వంటింట్లో కూర్చుని విన్నది. అక్కడ అది రికార్డు చేసిన మాటలాగే ఉంది. ఇక్కడ, ఈ మలుపులో, అదే ఎండ ముఖానికి తగులుతుంటే మాత్రం ఆయన అంటాడు, తను జవాబిస్తుంది, ఆయన నవ్వుతాడు. రోజుకు ఒక్కసారి. దానికోసమే ఈ చుట్టుదారి.

*

ఆ సాయంత్రం నిజామాబాదు నుంచి తులసీరాం మాట్లాడాడు. చీరాల పుటలకు హైమవతి కాపరి అయినట్టే అతనూ కాపరే. జిల్లాల పుటలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసే బాధ్యత ఈ ఏడు అతనిది. హైమవతిని ఎప్పుడూ చూడలేదు గానీ అక్కా అని పిలుస్తాడు. ఆమె భర్త చనిపోయాడని తెలుసు. చీరాల గొంతు ఆయనదని తెలియదు. పలికినవాళ్ళ పేర్లు వాకిలిలో ఉండవు.

ఉమ్మడివాళ్ళు కొత్తగా ఒక జల్లెడ తయారుచేశారు. అది పుటలన్నిటినీ, పలుకులన్నిటినీ విని, నియమానికి సరిపడని వాటిని ఏరి పెడుతుంది. నియమం పాతదే. కొనడం అమ్మడం జరుగుతున్న ఏ చోటు పేరూ వాకిలిలో గాని పలుకులో గాని ఉండకూడదు. ఒప్పుకున్నట్టు కాయితం రాసివ్వని పరాయివారి ప్రస్తావన, గొంతు ఏదీ ఉండకూడదు. మూతపడిన చోటు పేరు మాత్రం గుర్తుగా ఉండవచ్చు, ఎందుకంటే దానివల్ల ఎవరికీ లాభం లేదు. నియమం రాసేటప్పుడు హైమవతి, ఆమె భర్త ఇద్దరూ చేతులెత్తి ఒప్పుకున్నవాళ్ళే. అమ్ముడుపోయిన గొంతుల కాలం వాళ్ళకు బాగా గుర్తుంది.

"అక్కా, మీ ఊరియి రెండు పడ్డయి జల్లెడల," అన్నాడు తులసీరాం. "రెండూ ఒక్క పలుకులనే. ఒకటేమో దుకాణం పేరు. ఇంకోటి పరాయి గొంతు. ఎవరో ఆడామె నడుమల మాట్లాడింది."

హైమవతి విన్నానంది.

"ఆమె ఎవరో తెలుస్తదా మీకు?"

"తెలుసు."

"ఒప్పుకున్నట్టు కాయితం ఉన్నదా?"

"లేదు."

"అయితే తీసెయ్యాలె గదక్కా. నాకు గూడ మంచిగ అనిపిస్తలేదు, వింటే మంచిగున్నది. గని ఒక్క ఊరికి ఇడిస్తే అన్ని ఊర్లకు ఇడవాలె."

కాయితం ఇప్పుడు రాసి ఇవ్వవచ్చా అని ఆమె అడగలేదు. అడిగితే ఆ ఆడామె ఎవరో చెప్పవలసి వస్తుంది. చెబితే అతను జాలిపడి సరే అంటాడు. జాలితో నిలబెట్టిన మాట చెవిలో రోజూ వినడం ఆమెకు ఇష్టం లేకపోయింది. కొట్టు సంగతి చూసి చెప్తానంది. కొట్టు మూతపడి ఉంటే పేరు తీయనక్కరలేదని అతనే గుర్తుచేశాడు. ఒక రుతువు పొడుగునా ఒక్క బేరమూ జరగకపోతే మూతపడినట్టే లెక్క. కాపరి వెళ్ళి కళ్ళారా చూసి రాయాలి.

మాటలు అయిపోయాక ఆమె దీపం వేసుకోకుండా కూర్చుంది. పరాయి గొంతు అన్న మాట చెవిలో మిగిలింది. అతని తప్పేమీ లేదు. జల్లెడకు తెలిసిన మాట అదొక్కటే.

ఆయన పేరుతో పేచీ ఆమెకు పెళ్ళినాటినుంచీ ఉంది. అత్తవారింటి గడప దగ్గర ఆడబిడ్డ అడ్డం నిలబడి, పేర్లు చెబితేనే లోపలికి రానిస్తానంది. ఆయన గబుక్కున చెప్పేశాడు, హైమవతి వచ్చిందని. ఆమె వంతు వచ్చేసరికి నాలుక అంగిట్లో అతుక్కుంది. పెదవులు కదిలాయి గాని మాట బయటికి రాలేదు. ఆడబిడ్డ చెవి దగ్గర పెట్టి, వినపడలా వదినా, మళ్ళీ చెప్పు అంది. అప్పుడాయన నాకు వినపడింది, జరుగు అని చెల్లెలిని పక్కకు నెట్టాడు.

ఆ తరువాత ఎప్పుడూ చెప్పలేదు. అలా చెప్పకుండా ఉండే ఆడవాళ్ళు ఆమె ఈడులోనే ఎవరూ లేరు. స్నేహితురాళ్ళు వెక్కిరించేవారు. అది భక్తీ కాదు, భయమూ కాదు. మొదటిరోజు రానిది మెల్లగా వాళ్ళిద్దరి మధ్య ఒక ఆటగా మారింది. ఆయన పేరులో సగం ఉన్న మాటను కూడా తప్పించి మాట్లాడేది. పున్నమినాడు ఓడరేవుకు వెళ్ళి సముద్రం ఒడ్డున కూర్చోవడం వాళ్ళ అలవాటు. "రేపు నిండు వెన్నెల, వెళ్దామా" అనేది. ఏ రోజంటున్నావు, తిథి సరిగ్గా చెప్పు అని ఆయన ఉడికించేవాడు. ఎప్పటికైనా ఒకసారి చెప్పిస్తాను అనేవాడు. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు నర్సు రోగి పేరు అడిగితే ఆమె కార్డు తీసి చూపించింది. మంచం మీద నుంచి ఆయన అది చూసి నవ్వాడు.

రాయడానికి ఆమెకు ఎప్పుడూ అభ్యంతరం లేదు. నోటితో అనడమే.

*

ఆదెమ్మ రంగుల కొట్టును ఇప్పుడు ఆదెమ్మ కొడుకు గురునాథం చూస్తున్నాడు. ఆయనకు డెబ్భై దాటాయి. మర్నాడు పొద్దున హైమవతి బజారు సంచితో గుమ్మం ముందు నిలబడేసరికి తడిగుడ్డతో అరలు తుడుస్తున్నాడు. అరల నిండా రంగుపొడి డబ్బాలు, మూతల మీద ఏ డబ్బాలో ఏ రంగుందో తెలిసేలా వేలిముద్రలంత మరకలు. తుడిచిన చోటు మళ్ళీ తుడుస్తున్నాడు.

"రోజూ ఈ దారినే పోతుండావు గదమ్మాయ్," అన్నాడు. "లోపలికి మాత్రం రాలా. అనుకుంటూనే ఉండా, ఏ రోజు వస్తదో చూద్దామని."

ఆమె బల్ల మీద కూర్చుంది. మంచినీళ్ళు ఇచ్చాడు. ఆమె భర్త పోయినప్పుడు రాలేకపోయినందుకు మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పాడు. ఆమె ఫర్వాలేదంది. ఆ తరువాత వచ్చిన పని చెప్పింది. జల్లెడ గురించి, నియమం గురించి వివరంగా చెప్పింది. పలుకులో తన గొంతు ఉన్న సంగతి చెప్పలేదు. గురునాథానికి అది తెలుసు. ఈ మలుపులో నిలబడి వినేవాళ్ళలో ఆయనొకడు.

గురునాథం గుడ్డ పక్కన పెట్టి ఆలోచించాడు.

"మూతబడ్డదని రాస్తే పేరు ఉంటదా?"

"ఉంటుంది బాబాయ్."

"బతికుందని రాస్తే పోద్దా?"

"పోతుంది."

"ఇదేం లెక్కమ్మాయ్. చచ్చినోళ్ళ పేరే ఎత్తాలా ఏంది?"

హైమవతి గ్లాసు బల్ల మీద పెట్టింది. చివరి బేరం ఎప్పుడు జరిగిందని అడిగింది. ఆయన గుర్తు తెచ్చుకోవడానికి పెద్దగా ప్రయత్నించలేదు. ఉగాదికి ముందు ఎవరో పటానికి రంగు వేసుకోవాలని వచ్చారు. ఆ తరువాత లేదు. మగ్గాలు పోయాయి, ఉన్నవాటికి నూలు రంగు వేసే వస్తోంది. మరి రోజూ ఎందుకు తీస్తున్నారని ఆమె అడగలేదు గాని ఆయనే చెప్పాడు. తియ్యకపోతే తోచదట. తీసి కూర్చుంటే కనీసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుందట.

"రాసెయ్యి," అన్నాడు చివరికి. "మూతబడ్డదనే రాసెయ్యి. అట్టాగన్నా మా అమ్మ పేరు జనం చెవిన పడతది. నీకు నీ మాట ఉంటది. రేపట్నుంచి షట్టరు సగానికి దించి కూర్చుంటాలే. చూసినోళ్ళకు కూడా అనుమానం రాదు."

అంటూనే లేచాడు. ఎలా ఉంటుందో చూపించాలన్నట్టు చేతికర్రతో షట్టరు అంచు అందుకుని లాగాడు. అది కదలలేదు. రెండో చేయి కూడా వేశాడు. షట్టరు కిర్రుమని జానెడు కిందికి దిగి, లోపలి వెలుగు జానెడు తగ్గింది. అరల్లోని డబ్బాల మీద నీడ పడింది. ఆయన మెడ నరాలు పైకి తేలాయి.

అది చూసి హైమవతి లేచి నిలబడింది. ఆయన దించుతున్నది తనకోసం. రుతువు లెక్క ప్రకారం రాస్తే అందులో అబద్ధం కూడా లేదు. రేపు పొద్దున సంచి పట్టుకుని వచ్చి, అదే మలుపులో అదే మాట వినవచ్చు. ఆ మాట వింటున్నంతసేపూ ఈ సగం దించిన షట్టరు వెనక ఒక మనిషి చీకట్లో కూర్చుని ఉంటాడు, లేనట్టు.

"ఉంచండి బాబాయ్," అంది. "నాకు నీలిమందు కావాలి."

ఆయన కర్ర పట్టుకునే వెనక్కి తిరిగాడు. "నీలిమందా? నీకెందుకు?"

"ఆయన తెల్లచొక్కాలు పసుపెక్కుతున్నాయి."

 గురునాథం కర్ర గోడకు చేరవేసి, షట్టరును మళ్ళీ జానెడు పైకి నెట్టి, అర దగ్గరికి నడిచాడు. చిన్న త్రాసులో తూచి, కాగితంలో పోసి, నాలుగు అంచులూ లోపలికి మడిచాడు.  ఆమె ఇచ్చిన నోటు తీసుకుని చిల్లర వెతికి మరీ ఇచ్చాడు. బేరమంటే సగంలో వదిలేది కాదన్నట్టు.

"అమ్మితే బతికున్నట్టేగా," అన్నాడు పొట్లం చేతికిస్తూ.

"అవును బాబాయ్."

"నీ మాట పోద్ది గదమ్మా."

ఆమె పొట్లాన్ని సంచిలో తోటకూర కింద పడకుండా ఒక పక్కకు పెట్టుకుంది. ఇంట్లో పనుందని చెప్పి బయటికి వచ్చింది. ఆ రోజు మలుపు దగ్గర పూస తీసేసి, మాట వినకుండా నడిచింది. వింటే చేయి ఆడదేమోనని.

*

మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి, పలుకులు దిద్దే పలక ముందు కూర్చుంది. పలుకు తెర మీద దారంలా పరుచుకుంది. గొంతు లేచిన చోట దారం ఉబ్బి, మౌనం ఉన్న చోట సన్నబడి. ఏ ఉబ్బు ఏ మాటో ఆమెకు చూపుతోనే తెలుసు.

ముందు పరాయి గొంతును తీసింది. దానికి ఆట్టే సేపు పట్టలేదు. తన మాట తాను చెరుపుకోవడంలో పెద్ద కష్టం అనిపించలేదు. దానితోపాటు ఆయన నవ్వు కూడా పోక తప్పదని తీశాకే గమనించింది. మాట లేకుండా నవ్వు ఒక్కటీ మిగిలితే, దారి చెప్పే మనిషి ఊరికే ఎందుకు నవ్వాడో ఎవరికీ తెలియదు. నవ్వునూ తీసింది.

ఆ తరువాత ఆదెమ్మ రంగుల కొట్టు. మూడు మాటలు. మనిషి అనని మాటను ఆ మనిషి గొంతుతో అనిపించకూడదన్నది ఉమ్మడిలో మరో నియమం. కనుక ఆయన గొంతులోనే వేరే మాట పెట్టడానికి లేదు. తీసిన చోట ఖాళీ మిగిలింది. ఖాళీ అంటే పూర్తిగా ఖాళీ కాదు. ఆ రోజు వీధిలో అరిచిన కాకి, ఎక్కడో వేసిన తలుపు చప్పుడు అలాగే ఉన్నాయి. ఖాళీలో యంత్రం గొంతుతో 'వీధి మలుపు' అని పెట్టమంటారా అని పలక అడిగింది. కాపరులందరూ పెట్టమనే అంటారు. ఆయన రెండు మాటల మధ్య ఇంకెవరి గొంతో దూరడం ఊహించుకుని ఆమె వద్దంది.

కింద కాపరి మాట రాయడానికి చోటు ఉంది. "చోటు బతికే ఉంది. పేరు తీశాను," అని రాసి వాకిలికి పంపింది. సాయంత్రానికి తులసీరాం నుంచి జవాబు వచ్చింది. మంచిపని చేసినవక్కా అని.

మర్నాడు చొక్కాలు నీలిమందులో జాడించి ఆరవేసింది. తీగ మీద అవి గాలికి చేతులు ఊపుతుంటే ఇంట్లోకి వచ్చేసింది.

ఆ తరువాత బజారు నుంచి వచ్చేటప్పుడు గడియార స్తంభం దాటగానే పూస చెప్పినట్టే కుడివైపు తిరిగేది. దగ్గర దారిలోనూ ఆయన గొంతే. నేరుగా నడవాలి, ఇక్కడ కుడికి తిరగాలి. అన్నీ ఊరందరికీ చెప్పిన మాటలు. ఇంటికి త్వరగా చేరుకోవడం, చేరుకున్నాక మిగిలిన పొద్దును ఏం చేయాలో తెలియకపోవడం అలవాటు చేసుకోసాగింది.

*

గురునాథం కబురు పంపినది ఎండలు తగ్గుముఖం పట్టాక. నీ పుణ్యమా అని నాకు తీరిక లేకుండా పోయింది, ఒకసారి వచ్చి చూసిపొమ్మని. సంగతేమిటో అర్థం కాక హైమవతి వెళ్ళింది. చాలా రోజుల తరువాత అద్దకాల వీధి అని చెప్పగానే పూస ఎప్పటిలాగే ఎందుకని అడగలేదు.

దూరంనుంచే మలుపు దగ్గర మనుషులు కనబడ్డారు. ఒక లుంగీ ఆయన, చంకన బుట్ట పెట్టుకున్న ఒక ముసలావిడ మాట్లాడుకుంటున్నారు. దారిలో ముక్కూముఖం తెలియని ఇద్దరు నిలబడి మాట్లాడుకోవడం చూసి ఆమె అడుగులు వాటంతటవే నెమ్మదించాయి. ఈ మలుపులో ఒకప్పుడు సోడా కొట్టుండేదని ఆయన, కాదు రంగుల కొట్టేనని ఆవిడ. తన పెళ్ళిచీర నూలు ఇక్కడే రంగు వేయించారని ఆవిడ సాక్ష్యం చెబుతోంది.

గురునాథం గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. షట్టరు పూర్తిగా పైకి ఉంది.

"విన్నావా అమ్మాయ్ ఈ గోల," అన్నాడు. "పొద్దుట్నుంచీ ఇదే. ఇదుగో వచ్చింది, ఇదుగో వచ్చింది అంటాడంట మీ ఆయన. ఏం వచ్చిందో చెప్పడంట. నా ముందుకొచ్చి నిలబడి ఏం వచ్చిందండీ అని అడుగుతుండారు. నాకు ముసలితనం వచ్చిందయ్యా, ఇంకేం రాలేదని చెప్తుండా."

ఆమెకు అప్పుడు తెలిసింది. దారిపలుకులో అన్నీ ఆజ్ఞలే. తిరగమంటే తిరుగుతారు, ఆగమంటే ఆగుతారు, తలెత్తి చూడనక్కరలేదు. ఈ మలుపులో మాత్రం ఇదుగో అని చూపించి, చూపించినది చెప్పకుండా, వచ్చింది అంటోంది గొంతు. విన్నవాడు ఆగి చూస్తాడు. చూస్తే వెల్లగోడ. పూసను అడిగితే దానికీ తెలియదు. ఇక మిగిలినది పక్కనున్న మనిషి. కాపరులు ఎవరూ, జల్లెడ తయారుచేసినవాళ్ళు ఎవరూ, పలికిన మనిషీ అనుకోనిది అది.

గురునాథం లోపలికి వెళ్ళాడు, ఎవరికో చూపించాలని ఎరుపు డబ్బా తీయడానికి. హైమవతి గుమ్మం దాటి మలుపు దాకా నడిచింది. చెవిలో ఆయన అన్నాడు.

"ఇదుగో..."

కాకి అరిచింది. ఎక్కడో తలుపు పడింది.

"...వచ్చింది. ఇక్కడ ఎడమకు తిరగాలి."

ఆమె పక్కన ఒకావిడ ఆగింది. నడివయసు, భుజాన ప్రయాణపు సంచి, కాళ్ళకు దుమ్ము. పొరుగూరి మనిషిలా ఉంది. ఆవిడ గోడను చూసి, వీధిని చూసి, చివరికి హైమవతిని చూసింది. కొత్త మనిషిని పలకరించడం అలవాటు లేని బెరుకు ఆవిడ ముఖంలో కనబడుతోంది.

"ఏమనుకోబాకండి," అంది. "ఏం వచ్చిందంటాడండీ ఈయన?"

"ఆదెమ్మ రంగుల కొట్టు," అంది హైమవతి. "అదుగో, ఆ గుమ్మమే."

ఆవిడ తలూపింది. వెళ్ళిపోతుందనుకుంది హైమవతి. ఆవిడ వెళ్ళలేదు. ఊళ్ళోకి వచ్చినప్పటినుంచీ ఈ గొంతే వింటున్నానని, ఇంట్లో మనిషి చెప్పినట్టుందని అంది. మీరు ఎరిగినాయనేనా అని అడిగింది.

"మా ఆయన."

"అట్టనా," అంది ఆవిడ. ఆ ఒక్క మాటలోనే ఏదో సర్దుకుని, గొంతు తగ్గించి అడిగింది. "పేరేందండీ ఆయనది?"

హైమవతి అలవాటుకొద్దీ పక్కకు చూసింది. ఇన్నేళ్ళూ ఎవరైనా ఇలా అడిగితే పక్కనున్నవాళ్ళు అందుకుని చెప్పేవాళ్ళు. ఎవరూ లేకపోతే ఆయనే నవ్వుకుంటూ చెప్పుకునేవాడు. ఇప్పుడు పక్కన లుంగీ ఆయన, ముసలావిడ తమ వాదులాటలో ఉన్నారు. గురునాథం లోపల డబ్బాల మధ్య ఉన్నాడు. వాకిలిలో ఆయన పేరు ఎక్కడా లేదు.

నాలుక అంగిట్లో అతుక్కుంది. పెదవులు కదిలాయి.

ఆవిడ చెవిలోంచి పూస తీసి చేతిలో పట్టుకుంది. ముందుకు వంగింది.

"వినపడలేదండీ."

"పున్నారావు," అంది హైమవతి.

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. లుంగీ ఆయన మాట ఆపి ఇటు చూశాడు. మాట వీధిలోకి వెళ్ళింది. నాకు వినపడింది, జరుగు అనే మనిషి గడప దగ్గర లేడు.

"ఆఁ, ఇప్పుడు వినపడింది," అంది ఆవిడ. పూస మళ్ళీ చెవిలో పెట్టుకుని, మేలు చేశారని చెప్పి, ఎడమకు తిరిగి వెళ్ళిపోయింది.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. నీడకు రమ్మనే గొంతు ఆ మలుపులో ఇప్పుడు లేదు. హైమవతి తనంతట తానే నీడలోకి జరిగి నిలబడింది.